అవ్వ మాటే పాఠం.. ట్రంకుపెట్టే పుస్తకం
ఇంట్లోనే పిల్లలకు చరిత్ర నేర్పేదెలా?

సెలవులిచ్చారంటే చాలు.. పిల్లలకు టీవీ, సెల్‌ఫోను తప్ప మరో లోకం ఉండదు. చరిత్ర పుస్తకం తీయమంటే ముఖం మాడ్చుకుంటారు. తేదీలు, యుద్ధాలు, రాజుల పేర్లు బట్టీ పట్టడం, పరీక్ష రాయడం, మర్చిపోవడం.. ఇది అన్ని చోట్లా ఉన్నదే. సరిహద్దు ఇవతల ఉన్న మన ఇళ్లలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. ఇంట్లో తెలుగు. పుస్తకంలోని చరిత్రకూ, అవ్వ మాట్లాడే భాషకూ లంకె ఎక్కడుందో పిల్లాడికి తెలియదు. పక్క బెంచీవాడు ‘‘మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?’’ అని అడిగితే నోరు పెగలదు.

నిజానికి మనలో చాలామందిమి ఎక్కడి నుంచీ రాలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది, గీత జరిగింది. కొందరు మాత్రం కరువుకో, మగ్గం పనికో, గని పనికో వచ్చినవాళ్లే. మీ ఇల్లు ఈ రెండింట్లో ఏదో పిల్లాడే తేల్చుకోవాలి. దానికి ట్యూషన్ మాస్టారు అక్కర్లేదు. అటక మీది ట్రంకుపెట్టె, ఒక పంచాంగం, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, కాస్త ఓపిక చాలు. కాకపోతే ఆలస్యం చేసేందుకు లేదు. చాలా ఇళ్లలో తెలుగు చదవగలిగింది తాత ఒక్కడే. మనవడికి మాట వచ్చుగానీ అక్షరం రాదు. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరం ఇంటి పనిగానే మిగిలింది. తాత లేని రోజున పెట్టెలోని కాగితాలు ఎవరు చదువుతారు?

అవ్వ పుట్టిందెప్పుడు?

మొదట అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. ‘‘అవ్వా, నువ్వు పుట్టింది ఎప్పుడు?’’ అని అడగమనండి. హోసూరు, బళ్లారి వైపు పెద్దవాళ్లయితే ‘‘నేను ఖరలో పుట్టినాను రా’’ అంటారు. పిల్లాడికి అర్థం కాదు. అక్కడే ఆట మొదలు.

పంచాంగంలోని 60 సంవత్సరాల పేర్లను 60 చీటీల మీద రాయించి, నేల మీద గుండ్రంగా పేర్చమనండి. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది. అక్కడి నుంచి వేలు పెట్టి లెక్కపెడుతూ పోతే ఖర 2011-12లో వస్తుంది. అవ్వ 2011లో పుట్టి ఉండదు కదా! 60 తీసేస్తే 1951-52. అదీ అవ్వ పుట్టిన ఏడు. ఉగాది ముందు జనవరి, ఫిబ్రవరి నెలలు వెనకటి సంవత్సరానికే చెందుతాయన్నది గుర్తు పెట్టుకోవాలి. ఉదాహరణకు 1947 ఆగస్టు 15, గాంధీజీని కాల్చి చంపిన 1948 జనవరి 30.. రెండూ సర్వజిత్తులోనే పడ్డాయి. తమిళుల లెక్కలోనూ ఇవే 60 పేర్లు, కాకపోతే వాళ్లకు ఏడాది మారేది ఏప్రిల్ నడుమన.

చీటీల చక్రం పూర్తయ్యాక పాత మాటలు కొత్తగా వినిపిస్తాయి. ‘ధాత కరువు’ అన్న మాట మన పెద్దల నోట ఉంది. తమిళులూ ‘తాదు వరుషప్ పంజం’ అనే అంటారు. ధాత 1996-97లో వచ్చింది. 60, మళ్లీ 60 వెనక్కి వెళితే 1876-77. లక్షలమందిని మింగిన మహా కరువు అదే. గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు 1832-33లో, నందనలో. పుస్తకంలో ఒక పేరాగా దాటిపోయే కరువు, ఇంట్లో వాడే మాటలో దాక్కుని ఉందని తెలిసిన పిల్లాడు దాన్ని ఇక మర్చిపోడు. మీ ముత్తాతల వలస ఆ ఏళ్లలోనే జరిగిందేమో అడగండి.

సంవత్సరం పేరు కూడా గుర్తులేని వాళ్లుంటారు. అప్పుడు పెద్ద సంఘటనలు పట్టుకోవాలి. జనాభా లెక్కలవాళ్లు వయసు రాబట్టడానికి వాడిన ఉపాయమే ఇది. బరంపురం, గంజాం వైపు 1999 అక్టోబరు తుపాను, యానాంలో 1996 నవంబరు తుపాను, కోలారు గనుల ఊళ్లలో 2001లో గనులు మూతపడిన రోజు.. ‘‘అప్పటికి నాన్న ఏ తరగతి?’’ అంటే చాలు, లెక్క దొరుకుతుంది. యానాం మామ్మలను పెళ్లిళ్ల సంగతి తప్పకుండా అడగాలి. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటిషు ఏలుబడిలోని ఊళ్ల నుంచి చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయడానికి ఫ్రెంచి యానాం వచ్చేవారు. యానానికి కల్యాణపురం అన్న పేరు రావడం వెనక ఉన్న కథ ఇదే. ఆడపిల్లలకు ఈ ముచ్చట చెబితే వాళ్లడిగే ప్రశ్నలకు పెద్దవాళ్లు తడుముకోవాల్సి వస్తుంది. తడుముకున్నా ఫరవాలేదు, చెప్పండి.

ఇల్లు కదల్లేదు.. గీత కదిలింది

ఒక పెద్ద దక్షిణ భారత పటం తెచ్చి, దాని మీద ట్రేసింగ్ పేపర్లు పరవండి. ఒక్కో ఏటికి ఒక్కో రంగు. మీ ఊరి దగ్గర ఎర్రటి చుక్క పెట్టించి, ఆ చుక్క మీద నుంచి రాష్ట్రాలు ఎలా మారాయో గీయించండి.

బళ్లారి ఇల్లయితే 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు. ఆ రోజున ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, బళ్లారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. 1973 నవంబరు 1న మైసూరు పేరే కర్ణాటకగా మారింది. హోసపేట వాళ్లకైతే 2021లో జిల్లా పేరు కూడా మారి విజయనగరమైంది. నాందేడ్ జిల్లాలోని తెలుగు ఇంటికి మొదట హైదరాబాదు రాష్ట్రం, 1956లో బొంబాయి, 1960 మే 1న మహారాష్ట్ర. గంజాం, కోరాపుట్ వాళ్లకు 1936 ఏప్రిల్ 1న మద్రాసు పోయి ఒడిశా వచ్చింది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసుకు వెళ్లింది, బదులుగా సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. యానాం కథ వేరే. 1954 నవంబరు 1న పాలన మన దేశం చేతికి వచ్చినా, చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న గానీ పూర్తి కాలేదు.

పర్లాకిమిడి వాళ్లకు రైలు పట్టాలే పటం. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది. అప్పటికి మధ్యలో సరిహద్దు అన్నదే లేదు. 36 ఏళ్ల తర్వాత గీత పడింది, రైలు మాత్రం అలాగే నడిచింది. ఇప్పుడది పెద్ద లైను. ఒకసారి ఎక్కించి, ‘‘రాష్ట్రం మారింది ఎక్కడో చెప్పు’’ అని పందెం కాయండి. స్టేషను బోర్డుల మీది లిపి చూసి కనిపెట్టాలి.

పదహారణాల లెక్క

ఇది చిన్నపిల్లలకు బాగా నచ్చే ఆట. వంటింట్లో దుకాణం పెట్టించండి. చింతగింజలే అణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిది అర్ధరూపాయి, పన్నెండు ముప్పావలా. మూడు రూపాయల ఏడణాల బియ్యం, రెండు రూపాయల పదకొండణాల పప్పు కలిపితే ఎంత? ఆరు రూపాయల రెండణాలు. పదులతో లెక్కకు అలవాటు పడిన పిల్లాడు మొదట తడబడతాడు, రెండోసారికి అవ్వనే ఓడిస్తాడు. పావలా బిళ్ల 2011లోనే చలామణీ నుంచి పోయింది, మాట మాత్రం పోలేదు. ‘పదహారణాల తెలుగు పిల్ల’ అంటే ఏమిటో అప్పుడు చెప్పకుండానే తెలుస్తుంది.

కొలతలూ అంతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. ఒక గ్లాసును సోల అనుకుని బక్కెట్లో నీళ్లు పోయిస్తే కుంచానికి 16 పడతాయి. మీ ఇంట్లో పడి అంటారా, సేరు అంటారా? ఆ మాట ఎటునుంచి వచ్చిందో అదే చెబుతుంది.

పెట్టె తెరవండి

అసలైన పాఠం ట్రంకుపెట్టెలోనే. పాత దస్తావేజు బయటికి తీస్తే స్టాంపు కాగితం మీద రాజుగారి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఎవరిదో, అది ఎప్పుడు మాయమైందో పిల్లాడే వెతకాలి. తేదీ చోట ఫసలీ ఉంటే దానికి 590 కలపండి. 1350 ఫసలీ అంటే 1940-41. హద్దులు రాసేటప్పుడు ‘తూర్పున ఫలానావారి చేను, పడమర వంక’ అని ఉంటుంది. పిల్లాణ్ని తీసుకెళ్లి ఆ నాలుగు హద్దులూ నడిపించండి. వంక ఇప్పుడు రోడ్డయి ఉండొచ్చు, చేను అపార్టుమెంటయి ఉండొచ్చు. పాత దస్తావేజును ఇప్పటి కాగితంతో పక్కపక్కన పెడితే ఇంకా తమాషా. కర్ణాటకలో పహణీ, తమిళనాడులో చిట్టా, అడంగల్, మహారాష్ట్రలో సాత్‌బారా. భూమి ఒకటే, భాష మారింది. యానాంలో పాత జనన పత్రం ఫ్రెంచిలో ఉంటే తాతయ్య పేరును దొరలు ఏ అక్షరాలతో రాశారో చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు.

కన్నడం చదివే పిల్లలకు ఒక వరం ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. రెండు వర్ణమాలలూ పక్కపక్కన రాయించి, ఒకేలా ఉన్నవాటికి సున్నా చుట్టమనండి. తలకట్టు దగ్గర తేడా కనిపిస్తుంది. మనది టిక్కు పెట్టినట్టుంటే వాళ్లది అడ్డంగా సాగుతుంది. పట్టుదలగా కూర్చుంటే సెలవులు అయ్యేలోగా తాత రాత కూడబలుక్కుని చదువుతాడు.

డాబా మీద నుంచి దారం

ఊరి చరిత్రనూ ఇంట్లోకి తేవచ్చు. కోలారు బంగారు గనుల్లో ఛాంపియన్ రీఫ్ లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. మాటలతో చెబితే తలకెక్కదు. మిల్లీమీటరును మీటరు అనుకుని, 3.2 మీటర్ల దారాన్ని డాబా మీద నుంచి కిందికి వేలాడదీయండి. పైకొసన ఏడు సెంటీమీటర్ల దగ్గర ముడి వేయండి. కుతుబ్ మినార్ ఎత్తు అంతే! ఆ దారం చివరన మన తాతలు పనిచేశారని అప్పుడు చెప్పండి.

హంపీ వెళ్లొచ్చిన పిల్లలతో అగ్గిపెట్టెల కోనేరు కట్టించవచ్చు. 1980ల్లో పురావస్తు శాఖవారి తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు రాళ్ల మీద ఏ రాయి ఎక్కడ అమర్చాలో చెప్పే గుర్తులున్నాయి. అగ్గిపెట్టెల మీద దిక్కు, వరస రాయించి, కట్టించి, విప్పించి, తమ్ముడితో మళ్లీ కట్టించండి. గుర్తు రాయనివాడి కోనేరు కూలుతుంది. షోలాపూర్ ఇళ్లలో ఇంతకన్నా సులువు. అట్టముక్కకు గాట్లు పెట్టి దారాలు కడితే మగ్గం తయారు. పడుగేదో పేకేదో చేతికి తెలిశాక, మగ్గం పట్టుకుని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీల కథ చెప్పడం సులువు.

గొప్పలు వద్దు

ఒక్క మాట. ‘‘మా వంశం రాయలవారి సేనాపతులు’’ అనే కథ లేని ఊరుండదు. పిల్లాడికి అదీ చెప్పండి. కానీ ‘‘ఎవరు చెప్పారు? కాగితం ఉందా? శాసనం ఉందా?’’ అని వాడితోనే అడిగించండి. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. తాత తాతకు తాత దాకా వెళ్లినా అంత వెనక్కి చేరలేం, లెక్క వేసి చూపించండి. ‘రాయలు మనవాడా, వాళ్లవాడా’ అని బడిలో కొట్లాట తెచ్చుకునేకంటే ఆయన శాసనాలు తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృతాల్లో ఉన్నాయని తెలియడం మేలు. నాకైతే సేనాపతి కథకన్నా కరువుకు గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన ముత్తవ్వ కథే గట్టిదనిపిస్తుంది. అది చెప్పడానికే ఇళ్లలో ఎందుకో సిగ్గుపడతారు.

గుడి దగ్గర శాసనం కనిపిస్తే సుద్ద, నూనె, రంగు పూయొద్దు. రాయి పాడవుతుంది. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి. శాసన శాఖవారు తడి కాగితం అద్ది, సిరా పూసి నకలు తీస్తారు. అది తెలిసినవాళ్ల పని. ఇంట్లో పాత నాణెం మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిస్తే ఆ సరదా తీరుతుంది.

పాత కాగితాలకు సెల్లో టేపు అంటించడం, లామినేషన్ చేయించడం చేయకండి. ఉతికిన నూలు బట్టలో చుట్టి తేమ లేని చోట పెట్టండి. ముందుగా ఫొటోలు తీసుకోండి. తాత చదువుతుంటే పిల్లాడు నోటుబుక్కులో రాసుకోవాలి, పెద్దవాళ్లు సెల్‌ఫోన్లో గొంతు రికార్డు చేయాలి. ఆ ఫైలుకు తాత పేరు, ఊరు, తేదీ, ఏ కాగితం చదివాడో రాసి పెట్టండి. ‘రికార్డింగ్ 14’ అని వదిలేస్తే రేపు ఎవరికీ దొరకదు.