రక్తపోటు అదుపు: మందుచీటీ నుండి లక్ష్యం దాకా

అధిక రక్తపోటుకు నొప్పి లేదు, జ్వరం లేదు. రోగి దినచర్య యథాప్రకారం సాగిపోతూనే ఉంటుంది. పక్షవాతంగానో, గుండెపోటుగానో, మూత్రపిండాల వైఫల్యంగానో అది బయటపడిన నాడు మాత్రం ఒక్కొక్కప్పుడు కుటుంబమంతా ఆధారం కోల్పోతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 సంవత్సరాలు, ఆపై వయస్సు గల స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం మంది రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, లేదా దాని అదుపునకు మందులు వాడుతున్నవారు.

చికిత్స లక్ష్యం స్పష్టమైనదే. సాధారణంగా రక్తపోటు 140/90 కంటే తక్కువగా ఉండాలి. గుండెజబ్బు ఉన్నవారిలో పై అంకె 130 కంటే తక్కువగా ఉండడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. ఇందుకు కావలసిన ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్తాలిడోన్ వంటి మందులు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. అయినప్పటికీ ఎందరో రోగులు లక్ష్యాన్ని చేరుకోలేకపోతున్నారు. ఎందువల్ల?

కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది, చాలామంది రక్తపోటును ఎన్నడూ కొలిపించుకోకపోవడం. రెండవది, ఒకసారి అంకె తగ్గగానే జబ్బు నయమైనదని భావించి మందు మానివేయడం. నిజానికి అంకె తగ్గినది మందు వల్లనే. మందు ఆపితే అది సాధారణంగా మళ్ళీ పెరుగుతుంది. మూడవది, అంకె తగ్గకపోయినా నెలల తరబడి అదే మోతాదును కొనసాగించడం. ఈ చివరి లోపం రోగిది కాదు, చికిత్సా విధానానిది.

ఈ లోపాలను సరిదిద్దే ఉద్దేశంతో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం రూపొందింది. పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్రలలోని కొన్ని జిల్లాలలో ఆరంభమై, 2022 నాటికి అది 23 రాష్ట్రాలలోని 130కి పైగా జిల్లాలకు విస్తరించింది. ఇందులో కొత్త మందు ఏదీ లేదు. ఏ మందుతో మొదలుపెట్టాలి, అంకె తగ్గకపోతే తరువాత ఏమి చేర్చాలి అన్నది రాష్ట్రమంతటికీ ఒకే క్రమంలో నిర్ణయించారు. ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనే కనీసం నెలకు సరిపడే మందులు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేశారు. రక్తపోటు కొలవడంలోను, రాని రోగులను గుర్తించి పిలిపించడంలోను నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు వైద్యునికి తోడ్పడతారు. ప్రతి రోగి వివరాలు నమోదవుతాయి గనుక ఎవరు లక్ష్యం చేరారో, ఎవరు చేరలేదో తెలుస్తుంది. ఈ కార్యక్రమం కింద చికిత్స పొందుతున్నవారిలో సుమారు సగం మందికి రక్తపోటు అదుపులోకి వచ్చినట్లు 2022లో ప్రభుత్వం ప్రకటించింది. అదే సంవత్సరం దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. మిగిలిన సగం మంది మాట ఇంకా ఉన్నది.

కొలత సరిగా లేనిదే చికిత్స సరిగా సాగదు. కొలతకు అరగంట ముందునుండి కాఫీ, టీ, పొగాకు మానాలి. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని, వీపును కుర్చీకి ఆనించి, పాదాలను నేలపై ఉంచి, చేతిని గుండె ఎత్తులో ఆనించి కొలిపించుకోవాలి. ఆ సమయంలో మాట్లాడరాదు. ఒకే కొలతతో నిర్ధారణకు రావడం సాధారణంగా తగదు.

ఆహారం విషయంలో ముఖ్యమైనది ఉప్పు. రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ, అంటే ఒక చిన్న చెంచాకు లోపుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయల ద్వారా చేరే ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. నడక, బరువు తగ్గడం, పొగాకు మానడం మేలు చేస్తాయి. అయితే వాటిని సాకుగా తీసుకొని, వైద్యుని సలహా లేకుండా మందు ఆపరాదు.

ఇంటిలో పెద్దవారు మాత్ర వేసుకున్నారా అని విచారించడం మనకు అలవాటే. చివరిసారి కొలిచినప్పుడు అంకె ఎంత ఉన్నదో కూడా తెలుసుకోవాలి. అది లక్ష్యానికి మించి ఉంటే, మోతాదు మార్చవలసి ఉన్నదేమోనని వైద్యుని అడగడానికి సంకోచించరాదు.