వలలుడి కండలు డబ్బాలోంచి రాలేదు!

'నర్తనశాల'లో ఎస్.వి.రంగారావు కీచకుణ్ణి మట్టి కరిపించిన భీముడు గుర్తున్నాడా? వంటవాడు వలలుడిగా కనిపించిన ఆ పహిల్వాన్ దండమూడి రాజగోపాలరావు. 1963 నాటి ఆ సినిమాలో ఆయన కండలు మేకప్ కావు సుమా! 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో బరువులెత్తి పతకం తెచ్చిన మనిషాయన. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడీ పాత ముచ్చట ఎందుకంటే, మా నగరిలో సెకండ్ షో వదిలాక టీ అంగడి దగ్గర కుర్రాళ్ల మాటలు వినాలి. హీరో చొక్కా విప్పిన సీనుతో మొదలై, "అన్నా, ఆ పౌడరు రెండు డబ్బాలు తాగితే అట్లా వచ్చేస్తాదా?" దగ్గర ఆగుతాయి. మరమగ్గం మీద పనిచేసే కుర్రాడికి ఆ డబ్బా ఎన్నాళ్ల కూలో లెక్కేసుకోండి!

పౌడరు మాయా కాదు, విషమూ కాదు. పాలు విరిచినప్పుడు మిగిలే తేటలోని మాంసకృత్తుల్ని ఎండబెట్టిన పొడి, అంతే. బరువులెత్తేవాడికి ఒంటి బరువు కిలోకి సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల వాడికి రోజుకి వంద గ్రాముల లోపే. గుడ్డుకి 6 గ్రాములు. వంద గ్రాముల శెనక్కాయ పప్పుల్లో 25, ఉలవల్లో 20 పైచిలుకు. సంగటి, పప్పు, గుగ్గిళ్లు, పెరుగు, గుడ్లు... లెక్క చాలావరకు ఇంట్లోనే తేలుతుంది. తక్కువ పడితేనే డబ్బా. క్రియాటిన్ అని ఇంకొకటుంది. రోజుకి 3 నుంచి 5 గ్రాములు. పనిచేస్తుందని పరీక్షల్లో తేలిందే. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగందే ముట్టకూడదు.

అసలు కిటుకు ఇనుములో ఉంది. 20 కిలోలు పదిసార్లు సుళువుగా లేస్తే, తర్వాత రెండున్నర కిలోలు కలపాలి. అలసిన కండకి ఒకట్రెండు రోజులు విశ్రాంతి, రాత్రి నిండా నిద్ర. మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి కాంస్యం గెలిచిందంటే, వెనక పదేళ్ల పైబడిన సాధన ఉంది.

ఇక సూది సంగతి. "మూడు నెలల్లో హీరోవి" అని చెవిలో ఊదేవాళ్లుంటారు. స్టెరాయిడ్లు గుండెనీ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి, వృషణాల్ని కుంచింపజేస్తాయి. ఎదిగే వయసులో ఎత్తు అక్కడే ఆగిపోవచ్చు. పోటీల్లో పట్టుబడితే నిషేధం. లేబుల్ మీద రాయకుండా వీటిని పొడిలో కలిపిన డబ్బాలూ దొరికాయి. ఆ సూది అమ్మేవాణ్ణి బిల్లు ఇమ్మని అడిగి చూడండి!