భ్రంశం గీత కాదు

పటంలో భ్రంశాన్ని ఒక గీతగా గీస్తారు. నిజానికి అది నలిగిన రాతి పట్టీ. ఒత్తిడికి శిలలో మొదట విడివిడిగా సన్నని బీటలు పుడతాయి. అవి పెరిగి ఒకదానితో ఒకటి కలిశాక, రెండువైపుల రాయి వాటి వెంబడి జారుతుంది. జారిన ప్రతిసారీ నడుమనున్న రాయి తిరగలిలో గింజల్లా నలుగుతుంది. ఇరుపక్కలా పగుళ్లు మరికొంత దూరం పాకుతాయి. మధ్యనున్న మెత్తని పొడి నీటిని అడ్డుకుంటుంది, పగుళ్లు దారి ఇస్తాయి.

ఆ దారి ఏం చేయగలదో చూడండి. మహారాష్ట్రలోని కొయనా జలాశయంలో 1962లో నీరు నింపడం మొదలైంది. 1967 డిసెంబరు 11న అక్కడ 6.3 తీవ్రతగల భూకంపం సుమారు 180 మందిని బలిగొంది. నీటి పీడనం పగుళ్ల గుండా లోతుకు చేరి, జారడానికి అప్పటికే సిద్ధంగా ఉన్న భ్రంశాన్ని కదిలించిందని శాస్త్రజ్ఞుల వివరణ. శక్తి మాత్రం నీటిది కాదు సుమా, శిలల్లో ఏనాటినుంచో కూడినదే!