కదలని బొమ్మ కదిలిందెలా?

నల్లకుంటలో మేముండే సందులో ఏడో తరగతి చదివే కుర్రవాడొకడున్నాడు. బడి నుంచి రాగానే సంచీ ఒక మూల విసిరేసి, టీవీకి జానెడు దూరంలో చతికిలబడతాడు. "టీవీలోకి దూరిపోతావేమిట్రా, కాస్త వెనక్కి జరుగు!" అని వంటింట్లోంచి వాళ్ళ నానమ్మ కేకవేస్తుంది. "ఉండు నానమ్మా, భీమ్ పరుగెత్తుతున్నాడు!" అని వీడి జవాబు.

ఈ ఇద్దరి మాటలూ కాస్త పరీక్షించి చూద్దాం. కుర్రవాడి మాట తప్పు. భీమ్ పరుగెత్తడం లేదు. ఆ తెర మీద అసలు ఏదీ కదలడం లేదు! నానమ్మ మాట మాత్రం ఒప్పే. అది ఎంత ఒప్పో 1997లో జపాను దేశంలో ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఆ కథకు తరువాత వద్దాం. భీమ్ ఎలా పరుగెత్తుతున్నాడో ముందు తెలియాలి.

ఛోటా భీమ్ మన ఊరివాడేనని మీలో ఎంతమందికి తెలుసు? ఢోలక్‌పూర్ అనే ఊహా రాజ్యంలో లడ్డూలు తిని కొండలనెత్తే ఈ కుర్రవాడు పుట్టింది హైదరాబాదులో. రాజీవ్ చిలక 2001లో ఇక్కడ స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థ ఈ బొమ్మల సీరియల్‌ను తయారుచేసింది. 2008లో పోగో ఛానల్లో ఇది మొదలైంది. చుట్కీ, రాజు, జగ్గు కోతి, కాలియా, ఢోలు, భోలు - వీళ్ళందరినీ మీకు నేను పరిచయం చేయనక్కరలేదు.

ఇప్పుడు ఒక లెక్క. సినిమాలో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా తెర మీద పడతాయి. (మన దేశపు టీవీలో 25, లెక్క తేలికగా ఉండడానికి 24 అనుకుందాం.) 11 నిమిషాల కథకు 660 సెకన్లు. 660ని 24తో హెచ్చిస్తే 15,840. ఒక చిన్న కథకు దాదాపు పదహారు వేల బొమ్మలన్నమాట! చేత్తో గీసే రోజుల్లో ఇన్ని గీయడం ఎవరి తరం? అందుకే చిత్రకారులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు చూపించారు. అంటే సెకనుకు 12 బొమ్మలు గీస్తే చాలు, పని సగానికి సగం తగ్గింది. చిత్రమేమిటంటే, చూసేవాళ్ళలో చాలామందికి తేడాయే తెలియలేదు. ఈ 12 అంకెను గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఆ 12 బొమ్మలనైనా అన్నీ పెద్ద చిత్రకారుడే గీయడు. భీమ్ నేల మీద నిలబడిన బొమ్మ ఒకటి, గాలిలో ఎగిరిన బొమ్మ ఒకటి - ఇలాంటి ముఖ్యమైన బొమ్మలు అతడు గీస్తాడు. మధ్యలో రావలసిన వాటిని సహాయకులు పూరిస్తారు. ఇప్పుడు ఈ మధ్య బొమ్మల పని చాలావరకు కంప్యూటరు చేస్తోంది. తల, మొండెం, మోచేయి, ముంజేయి, తొడ, పిక్క - ఇలా శరీర భాగాలను విడివిడిగా గీసి, కీళ్ళ దగ్గర అతికించి ఉంచుతారు. కావలసినప్పుడు వాటిని తిప్పుతారు. మీ తాతయ్యనడిగితే "ఇందులో కొత్తేముంది, తోలుబొమ్మలాటే కదా!" అంటారు. ఆ మాటా నిజమే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు కీళ్ళున్న బొమ్మలను తరతరాలుగా ఆడిస్తున్నాయి. కాకపోతే తోలుబొమ్మ నిజంగా కదులుతుంది. భీమ్ కదలడు. తేడా అక్కడే ఉంది.

ఇక్కడ మీరొక ప్రయోగం చేయండి. వాడేసిన నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. మొదటి పేజీలో కుడిచేతి మూల పైన ఒక చిన్న బంతి గీయండి. తరువాతి పేజీలో బంతిని 1 మిల్లీమీటరు కిందికి దించి గీయండి. ఆ తరువాతి పేజీలో ఇంకో 3 మిల్లీమీటర్లు, తరువాత 5, తరువాత 7, ఆపైన 9. అక్కడ నేల. మళ్ళీ అదే లెక్కను తలకిందులు చేసి 9, 7, 5, 3, 1 చొప్పున పైకి తీసుకుపోండి. ఇప్పుడు బొటనవేలితో పేజీలను గబగబా వదలండి. బంతి పడి లేస్తుంది! మరొక పుస్తకంలో అన్ని దూరాలూ సమానంగా, అంటే 5, 5, 5, 5, 5 అని గీసి చూడండి. ఆ బంతికి ప్రాణం ఉండదు. దారం కట్టి దించినట్లుంటుంది. 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుసను నేను ఊరికే చెప్పలేదు. పడే వస్తువు సమానమైన కాలాలలో ఈ నిష్పత్తిలోనే దూరాలు పోతుందని నాలుగు వందల ఏళ్ళ క్రితం గెలీలియో కనిపెట్టాడు. భీమ్ కొండ మీద నుంచి దూకినప్పుడు మీకు నిజమనిపించాలంటే చిత్రకారుడు గెలీలియో మాట వినక తప్పదు.

సరే, పేజీలో బంతి కదలలేదు. మరి కదలిక ఎక్కడినుంచి వచ్చింది?

"దృష్టి స్థిరత వల్ల" అని మీలో కొందరు వెంటనే చెప్పేస్తారు. చూసిన బొమ్మ కంటి వెనుక ఉన్న నేత్రపటలం మీద సెకనులో కొద్ది భాగం నిలిచి ఉంటుందనీ, అది చెరగకముందే రెండో బొమ్మ వస్తుందనీ చాలా పుస్తకాలలో రాసి ఉంటుంది. ఇది సగం జవాబు మాత్రమే. మన ఇంట్లో చోక్ ఉన్న పాత ట్యూబులైటును తీసుకోండి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది కనుక ఆ దీపం సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి మళ్ళీ హెచ్చుతుంది. మనకది తెలియదు. అలాగే చిక్కడపల్లి, నారాయణగూడ సినిమా హాళ్ళలో రీళ్ళు తిరిగే రోజుల్లో, ప్రొజెక్టరులో ఒక రెక్క తిరుగుతూ ప్రతి బొమ్మ వెలుగునూ కనీసం రెండుసార్లుగా విడగొట్టేది. సెకనుకు 24 మెరుపులైతే తెర మిణుకు మిణుకుమని ప్రేక్షకులకు తలనొప్పి వచ్చేది. 48 చేస్తే ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇదంతా దృష్టి స్థిరత చలవే. మధ్యలో వచ్చే చీకటి మనకు ఎందుకు కనిపించదో అది చెబుతుంది.

కాని కదలికను అది చెప్పలేదు. పాత బొమ్మ చెరగకుండానే కొత్త బొమ్మ దానిమీద పడితే ఏం కావాలి? భీమ్‌కు రెండు కాళ్ళ బదులు జెర్రికున్నట్లు వరసగా కాళ్ళు కనబడాలి! అలా కనబడడం లేదు కదా?

ఈ చిక్కును జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరీక్షించాడు. ఆయన ఫలితాలు 1912లో అచ్చయ్యాయి. పక్కపక్కన ఉన్న రెండు గీతలను ఒకదాని తరువాత ఒకటి చూపించాడు. రెంటికీ మధ్య విరామం సెకనులో అయిదో వంతు ఉంటే ఒక గీత పోయి ఇంకొకటి వచ్చినట్లు కనిపించింది. సెకనులో ముప్ఫయ్యో వంతుకు తగ్గిస్తే రెండూ ఒకేసారి కనిపించాయి. ఈ రెంటి నడుమ, దాదాపు సెకనులో పదహారో వంతు దగ్గర, వింత జరిగింది. ఒకే గీత ఇటు నుంచి అటు జరిగినట్లు కనిపించింది! అక్కడ జరిగిన గీత ఏదీ లేదు. చూసేవాడి మెదడే దానిని జరిపింది.

మెదడులో కదలికను పసిగట్టడానికి ప్రత్యేకమైన భాగం ఉంది. అది పనిచేయకపోతే? 1983లో జర్మనీ వైద్యులు ఒక రోగిని గురించి రాశారు. మెదడు దెబ్బతిన్న ఆమెకు రంగులూ, ఆకారాలూ బాగానే కనిపించేవి. కదలిక మాత్రం కనిపించేది కాదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్లు నిలిచిపోయేది. కప్పు ఎప్పుడు నిండిందో తెలిసేది కాదు. దూరంగా ఉన్న కారు మరుక్షణం మీదికి వచ్చి ఉండేది. ఆమెకు లోకమంతా మీ నోటుపుస్తకం పేజీల్లా విడివిడి బొమ్మలే. ఆమె ఒక వీధి దాటడమెలాగో ఊహించండి.

కనుక టీవీ వాళ్ళు మనకు పంపేది నిశ్చల చిత్రాలూ, వెలుగులూ మాత్రమే. ఆటంతా ఆడేది మన మెదడు. తెర మీది వెలుగుకు తగినట్లు మెదడులోని కణాలు విద్యుత్ సంకేతాలు పంపుతూ ఉంటాయి. ఇప్పుడు నానమ్మ మాట దగ్గరకు వద్దాం.

1997 డిసెంబరు 16. జపానులో సాయంత్రం ఆరున్నర దాటింది. టోక్యో టీవీలో 'పోకెమాన్' 38వ భాగం వస్తోంది. మన భీమ్ లాగే అదీ పిల్లలు వేలంవెర్రిగా చూసే సాహసగాథ. ఆనాటి కథలో పిల్లలు ఒక కంప్యూటరు లోపలికి ప్రవేశిస్తారు. వారిమీదికి వచ్చిన క్షిపణులను పికాచు అనే చిన్న జీవి పిడుగుతో పేలుస్తుంది. ఆ పేలుడును చూపడానికి చిత్రకారులు తెరను ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని మార్చారు. ఎంత వేగంగా? సెకనుకు సుమారు 12 సార్లు. మొత్తం ఆరు సెకన్లు.

ఆ ఆరు సెకన్ల తరువాత దేశంలో అనేకచోట్ల పిల్లలకు కళ్ళు తిరిగాయి, తలనొప్పి, వాంతులు వచ్చాయి. కొందరు మూర్ఛ వచ్చి పడిపోయారు. 685 మంది పిల్లలను అంబులెన్సులలో ఆసుపత్రులకు చేర్చారు. చాలామంది త్వరలోనే కోలుకున్నారు. ప్రాణాపాయం ఎవరికీ కలగలేదు. సీరియల్‌ను నాలుగు నెలలపాటు ఆపి, 1998 ఏప్రిల్లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఒక్క భాగాన్ని మాత్రం మళ్ళీ ఎన్నడూ ప్రసారం చేయలేదు.

భీమ్‌ను పరుగెత్తించే 12, పిల్లలను పడగొట్టిన 12 - అంకె ఒకటే, కాని పని వేరు. పరుగు బొమ్మలలో ఒక దానికీ ఇంకొక దానికీ కాళ్ళూ చేతులూ కాస్త జరుగుతాయి, తెర వెలుగు ఇంచుమించు మారదు. పేలుడులో తెర మొత్తం ఒక్కసారిగా మారిపోయింది. మామూలుగా మెదడులోని కణాలు సంతలో జనంలా ఎవరి మాట వారు మాట్లాడుకుంటూ ఉంటాయి. పెద్ద వెలుగు ఒకే తాళంలో వెలిగి ఆరుతుంటే, కొందరి మెదడులో లక్షల కణాలు ఆ తాళానికి కలిసి ఒక్కమారుగా కేకపెడతాయి. అదే మూర్ఛ. గాఢమైన ఎరుపు రంగు ఇందుకు మరీ చెడ్డది. ఈ గుణం వేలమందిలో ఒకరికి ఉంటుంది. అందులోనూ పెద్దల కంటె మీ వయసు పిల్లలలోనే ఎక్కువ. ఆనాడు మూర్ఛ వచ్చినవారిలో చాలామందికి తమకీ గుణం ఉన్నట్లు అంతవరకూ తెలియదు.

తెరకు దగ్గరగా కూర్చుంటే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. "కళ్ళు పోతాయి" అని పెద్దలనే మాట అంత సరికాదు గాని, మీ చూపునంతా తెరే ఆక్రమిస్తుంది. ఎక్కువ కణాలకు ఒకేసారి ఆ తాళం అందుతుంది. గది చీకటిగా ఉంటే మెరుపు మరీ కొట్టొచ్చినట్లుంటుంది. అందుకే వెనక్కి జరగాలి, గదిలో దీపం వేసుకోవాలి. ఎప్పుడైనా తెర మిణుకులకు ఒళ్ళు తూలినట్లనిపిస్తే అరచేతితో ఒక కంటిని పూర్తిగా కప్పి, ముఖం తిప్పుకోండి. రెప్ప మూస్తే చాలదు. రెప్పలోంచి వెలుగు ఎర్రగా లోపలికి వస్తూనే ఉంటుంది.

ఒకవేళ మీ ఎదుట ఎవరికైనా మూర్ఛ వస్తే? మన వీధుల్లో వెంటనే చేతిలో తాళాలగుత్తి పెడతారు. ఇనుముకూ మెదడులోని విద్యుత్తుకూ ఏ సంబంధమూ లేదు. సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో మూర్ఛ తనంత తానే ఆగుతుంది. ఆ సమయానికి చేతిలో ఉన్న తాళాలకు పేరొస్తుంది! నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని పెట్టకూడదు. గట్టిగా అదిమి పట్టుకోకూడదు. తల కింద మెత్తనిదేదైనా పెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, కుదుపులు ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కి ఫోను చేయాలి.

జపాను సంఘటన తరువాత అక్కడి టీవీ సంస్థలు కట్టుబాట్లు పెట్టుకున్నాయి. బ్రిటనులో అలాంటివి అంతకుముందే ఉన్నాయి. ఆ తరువాత అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కూడా సిఫారసు చేసింది. తెరలో నాలుగో వంతుకు మించిన భాగం సెకనుకు మూడుసార్ల కంటె ఎక్కువ మెరవకూడదనేది వాటిలో ముఖ్యమైనది. ఈసారి ఢోలక్‌పూర్ మీద మాంత్రికుడు మెరుపులు కురిపించినప్పుడు గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు. లెక్కపెట్టే ముందు మాత్రం నాలుగడుగులు వెనక్కి జరగండి.