చుక్కల సున్నా ఎక్కడిది?

"మెసేజ్ చదువుతుంటే ఒత్తులు విడిపోతున్నాయి, గుడి దగ్గర చుక్కల సున్నా ఒకటి కనిపిస్తోంది. షాపులో చూపిస్తే డిస్‌ప్లే మార్చాలన్నారు. మార్చాలా?" అని కొత్తగూడెం నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

మార్చకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కి పంపండి. స్క్రీన్‌షాట్ తెరకు తీసిన ఫొటో కాదు. తెరకు పంపడానికి ఫోన్ తన మెమరీలో సిద్ధం చేసుకున్న బొమ్మకు నకలు. అవతలి ఫోన్‌లోనూ ఆ సున్నా కనిపిస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌దే. డిస్‌ప్లే దెబ్బతిని వచ్చే పచ్చగీతలు, నల్లమచ్చలు స్క్రీన్‌షాట్‌లోకి రావు.

తెరకు తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. దానికున్నవి లక్షల చుక్కలు. ఏ చుక్క ఏ రంగులో వెలగాలో చెబితే సెకనుకు 60 సార్లో, 120 సార్లో వెలిగిస్తుంది. ఒత్తును అక్షరం నుంచి విడదీయడం దాని చేతిలో లేని పని. ఆ పని చేసింది అంతకు ముందే ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ భాగం. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్, ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్. మన జేబులో ఉన్న అద్భుతాల్లో నన్ను అడిగితే కెమెరా కంటే ఇదే పెద్దది.

"స్త్రీ" అని మీకు మెసేజ్ వచ్చిందనుకోండి. వచ్చింది బొమ్మ కాదు, ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 గళ్లలో ఒక్కోదానికీ ఒక అంకె ఉంది. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. ఇప్పుడు తెర మీద చూడండి. అన్నిటికన్నా చివర వచ్చిన గుడిదీర్ఘం, ర దగ్గర ఆగకుండా వెనక్కి నడిచి స తలకట్టు తీయించి ఆ నెత్తిన కూర్చుంది. త ఒత్తయి కిందికి దిగింది. ర క్రావడిగా మారింది. రెండు పొల్లులూ మాయం. ఐత్వం తమాషా ఇంకొకటి: "కై"లో గుర్తు ఒక్కటే అయినా, గీసేటప్పుడు రెండు ముక్కలై ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంది. అచ్చాఫీసులో కంపోజిటర్ అరల్లోంచి సీసపు దిమ్మలు ఏరి కూర్చిన పని ఇదే. మీరు మెసేజ్‌లను వేలితో పైకి తోస్తుంటే ఇంజిన్ దాన్ని రెప్పపాటులో చేసేస్తోంది.

ఆసరా హల్లు దొరకని గుర్తు ఎదురైతే ఇంజిన్ దాన్ని పారేయదు. ఇక్కడ ఉండాల్సిన అక్షరం లేదని చెప్పడానికి చుక్కల సున్నా గీసి దాని మీద గుర్తు నిలబెడుతుంది. ఏదో యాప్ సందేశాన్ని అంకెల లెక్కన తెగ్గొట్టి "స్త్ర"ను ఒకవైపు, గుడిదీర్ఘాన్ని మరోవైపు వదిలేస్తే జరిగేది ఇదే. ఆ సున్నా రోగం కాదు, రోగం ఎక్కడుందో చూపించే వేలు.

ఈ కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి "జ్ఞా" లాంటి ఒక అక్షరం పంపితే దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్‌స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే పడిపోయేది. "ఐఫోన్‌ను చంపుతున్న తెలుగు అక్షరం" అని పత్రికలు రాశాయి. అది తప్పు. మనం రోజూ రాసే జ్ఞా వల్ల ఏ ఫోనూ పడలేదు. పడగొట్టిన వరుసలో ఞ తర్వాత, దీర్ఘానికి ముందు కంటికి కనబడని ఇంకో సంకేతం ఉంది. అక్షరాలను కలవనివ్వకుండా ఆపే గుర్తు అది. "ఫేస్‌బుక్"లో స కింద బ ఒత్తు పడకుండా కాపాడేది అదే. అది ఉండకూడని చోట ఉంది, అంతే. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు ఓపికగా పరీక్షించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరుసలకే ఫోన్ పడిపోతోందని చూపించారు. దీర్ఘం బదులు ఐత్వం పెడితే మాత్రం పడలేదట! లోపం అక్షరంలో కాక, అచ్చుగుర్తుకు చోటు వెతికే దారిలో ఉందని అదే పట్టిస్తోంది. ఆ నెల 19న వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. మన లిపి మీద పడ్డ నింద మాత్రం చాలామంది మనసులో అలాగే ఉండిపోయింది. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక చేయాల్సింది. థీమ్‌తో వేసుకున్న ఫాంట్ ఉంటే తీసేసి ఫోన్‌తో వచ్చినదే పెట్టండి. యాప్‌నూ, ఫోన్ సాఫ్ట్‌వేర్‌నూ అప్‌డేట్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. అదే మెసేజ్ ఇంకో యాప్‌లో అతికించి చూడండి. అక్కడ బాగుంటే మొదటి యాప్ వాళ్లకు స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు రాయండి.

యాప్‌లు తయారుచేసేవాళ్లకు నేనూ ఒక ఫిర్యాదు చేయాలి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి వరుసలు పేరుస్తారు, మన ఒత్తులు సగానికి తెగిపోతాయి. పరీక్షించామంటూ "తెలుగు" అని టైపు చేసి చూపిస్తారు. అందులో ఒక్క ఒత్తయినా లేదు. "లక్ష్మి", "స్త్రీ", "జ్ఞానం", "కైంకర్యం" టైపు చేసి, ఒత్తులన్నీ తెగకుండా వచ్చాకే విడుదల చేయమనండి.