సముద్రము దాటి వచ్చు పెట్టెలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పెద్దలకు గల్ఫు దేశములు క్రొత్తవి కావు. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట ఆ దేశములలో కట్టడముల పని విరివిగా సాగెను. నాటి తరువాత కరీంనగరు జిల్లా పల్లెలవారు దుబాయి, సౌదీ, కువైటు, మస్కటులకు పోవుట మొదలయి నేటికిని సాగుచున్నది. సిరిసిల్ల నేతపనివారు భీవండి మరమగ్గములను వెదకికొని పోయినట్లే, బావులెండిన యేడు సేద్యగాండ్రు సముద్రము దాటిరి. వారు పంపిన సొమ్ముతోపాటు వస్తువులును వచ్చినవి. ఆ వస్తువులు ఏ దారిని వచ్చును, ఆ దారిలో మన డబ్బు ఎక్కడెక్కడ వ్యయమగును, ఎక్కడ మోసమునకు చోటున్నది అను సంగతులను ఈనాటి ప్రసంగమున చెప్పదలచితిని.

ముందుగా, పరదేశపు వస్తువుపై ఇంత మోజు ఏల కలిగినదో చూతము. 1991కి పూర్వము మన దేశమున దిగుమతికి లైసెన్సులు కావలసి యుండెను. సుంకములును మిక్కిలి హెచ్చు. రేడియోయు, టేపురికార్డరును కలిసిన పెట్టె దుబాయినుండి వచ్చిన ఇంటికి సాయంకాలమున వాడకట్టంతయు చేరెడిది. 1991 తరువాత ద్వారములు తెరచుకొన్నవి. నేడు ఫోనులు, టెలివిజనులు కోరుట్ల బజారులోనే దొరకును. అయినను కొన్ని వస్తువులు ఇక్కడ అమ్మకమునకు రావు. పాత యంత్రమునకు కావలసిన విడిభాగము, ఒకానొక జపాను కెమెరా కటకము, వైద్యమునకో సంగీతమునకో పనికివచ్చు పరికరము ఇట్టివి. వీనిని మన పిల్లలు ఇంటర్నెట్టులో చూచి కొనగోరుదురు. కాని అమెరికాలోని దుకాణదారు, “మేము భారతదేశమునకు పంపము” అని చెప్పును.

ఇచ్చటనే సరుకు మళ్లించు కంపెనీల పని యున్నది. ఇది మన పెద్దలు ఎరిగిన మార్ఫతు పద్ధతియే. తపాలా సరిగా అందని పల్లెవాడు జగిత్యాలలోని పరిచయస్థుని దుకాణము మార్ఫతు ఉత్తరములు తెప్పించుకొనెడివాడు కదా! అట్లే ఈ కంపెనీవారు అమెరికాలోనో, ఇంగ్లాండులోనో, జపానులోనో గిడ్డంగి పెట్టి, ప్రతి ఖాతాదారునకు ఒక సంఖ్యతో అక్కడి చిరునామా నిత్తురు. దుకాణదారు సరుకును ఆ చిరునామాకు పంపును. కంపెనీవారు దానిని కట్టి విమానముపై మనకు పంపుదురు. అమెరికాలో ఇట్టి గిడ్డంగులు కొన్ని డెలావేరు, ఆరెగాను రాష్ట్రములలో ఉండుటకు కారణము, ఆ రాష్ట్రములలో అమ్మకపు పన్ను లేకపోవుటయే.

పద్ధతి సులభము, లెక్క మాత్రము సులభము కాదు. విమానపు రవాణాలో తూకమొక్కటే చూడరు, పెట్టె ఆక్రమించు చోటును చూతురు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణముగా 5,000తో భాగింతురు. పెట్టె 60, 40, 40 సెంటీమీటర్లున్నచో, గుణించిన 96,000, భాగించిన 19.2 కిలోలు. లోపలి వస్తువు 5 కిలోలే అయినను 19.2 కిలోలకు కిరాయి ఇయ్యవలెను. కావున పెద్ద అట్టపెట్టెను విప్పి చిన్న పెట్టెలో కట్టుమని ముందుగానే కోరుట మేలు.

తరువాతిది సుంకము. మన దేశమున సుంకము వస్తువు ధర పైననే కాక, ధర, రవాణా, భీమా మూడును కలిపిన మొత్తముపై వేయుదురు. కావున కిరాయి పెరిగిన సుంకమును పెరుగును. సుంకము తప్పించుకొనుటకు బిల్లు తగ్గించి వ్రాయుమని కొందరు సలహా ఇత్తురు. అది వినరాదు. 1962 నాటి కస్టమ్సు చట్టము ప్రకారము అబద్ధపు విలువ చూపిన సరుకును జప్తు చేయవచ్చును, జరిమానాయు వేయవచ్చును. పైగా దారిలో వస్తువు పోయినచో, తగ్గించి వ్రాసిన ధరకే పరిహారము వచ్చును.

“బహుమానమని వ్రాసిన సుంకముండదు” అను మాట ఇప్పటికిని మన ఊళ్లలో వినుచున్నాను. 2019 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆ దారిని మూసివేసినది. రాఖీలు, ప్రాణరక్షక ఔషధములు తప్ప, టపాలో గాని కొరియరులో గాని బహుమానము పేరిట సుంకము లేకుండ సరుకు తెప్పించుట నాడు నిషిద్ధమైనది. పూర్తి సుంకము చెల్లించిన బహుమానము రావచ్చును.

ఇక గల్ఫునుండి వచ్చువాడు స్వయముగా తెచ్చు సామాను సంగతి. 2016 నాటి నియమములలో, విదేశమునుండి వచ్చు పెద్దవానికి వాడుకబట్టలు గాక 50,000 రూపాయల విలువగల వస్తువులు సుంకము లేకుండ తెచ్చుకొను వీలు కల్పించిరి. 18 ఏండ్లు నిండినవాడు ఒక లాప్‌టాపును విడిగా తెచ్చుకొనవచ్చును. పలుచని టెలివిజనుకు మాత్రము 2013 ఆగష్టు 26 నుండి ఈ మినహాయింపు లేదు. 2018లో ఏర్పడిన లెక్క చొప్పున సుంకము నూటికి 38.5 రూపాయలు, అనగా 40,000 రూపాయల టెలివిజనుకు 15,400 రూపాయలు. ఈ హద్దులు, లెక్కలు బడ్జెటులతో మారుచుండును గనుక, ప్రయాణమునకు ముందు కస్టమ్సువారి ప్రకటనను చూడవలెను. శంషాబాదులో దిగినప్పుడు హద్దు మించిన సామానున్నవాడు ఎఱ్ఱదారిని పోయి చెప్పుకొనుటయే క్షేమము.

వస్తువు ఇల్లు చేరిన పిదప విద్యుత్తు సంగతి వచ్చును. మన ఇండ్లలో విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. జపానులో 100 వోల్టులే. అక్కడి వంటపరికరమును ఇక్కడ గోడకు తగిలించిన క్షణములో కాలిపోవును. సౌదీలోను ఆవృత్తులు 60. ఆ లెక్కకు చేసిన మోటారు మన విద్యుత్తుపై మెల్లగా తిరుగుచు వేడెక్కును. ఛార్జరుపై 100 నుండి 240 వోల్టులని వ్రాసియున్న భయము లేదు. ఆ చిన్న అక్షరములను కొనకముందే చదివించుకొనవలెను. మరమ్మతు హామీ పలుమారు కొన్న దేశమునకే పరిమితమని కూడ గుర్తుంచుకొనవలెను.

కొన్ని వస్తువులు తేవలదు, కొన్ని పంపవలదు. 2022 ఫిబ్రవరినుండి పరదేశపు డ్రోనుల దిగుమతి సామాన్యులకు నిషిద్ధము. అనుమతి లేని ఉపగ్రహ ఫోను దగ్గరనున్నచో అరెస్టు కాగలరు. ఫోనులకు అదనపు విద్యుత్తు నిచ్చు పవరుబ్యాంకును విమానమున చేతిసంచిలోనే ఉంచవలెను, అడుగు సామానులో వేయరాదు. ఇక్కడినుండి పోవునప్పుడు ఇంకను జాగ్రత్త కావలెను. మన వంటింటి గసగసాలు దుబాయిలోను, సౌదీలోను నిషిద్ధ పదార్థములు. “మా అబ్బాయికి ఈ పొట్లము ఇయ్యి” అని ఒకరిచ్చిన మూటను విప్పి చూడక తీసికొనిపోయినవాడు, దొరికినచో తానే జవాబు చెప్పవలెను. పొట్లము ఇచ్చువాడు బంధువే అయినను, అతని యెదుటనే విప్పి చూచి తీసికొనుమని పోవు పిల్లలకు చెప్పుడు. ఇందులో మొగమాటము పనికిరాదు. జైలులో గడచు ఏండ్లను ఎవ్వరును తిరిగి ఇయ్యలేరు.

చివరకు, ఇంటివద్దనుండు పెద్దలకే ముఖ్యమైన మాట. “మీ పేర పరదేశమునుండి పెట్టె వచ్చినది, కస్టమ్సులో నిలిచినది, ఈ ఖాతాకు సొమ్ము వేయుడు” అని ఫోను వచ్చును. కొన్నిసార్లు, “పెట్టెలో మత్తుపదార్థము దొరికినది, మిమ్ము అరెస్టు చేయుదుము” అని బెదరింపును కలుగును. కొడుకు దుబాయిలో ఉన్న తండ్రి గుండె అట్టి మాటకు ఝల్లుమనును. ఆ గాబరాయే మోసగానికి పెట్టుబడి. కస్టమ్సు అధికారి వ్యక్తి ఖాతాకు సొమ్ము వేయుమని ఫోనులో అడుగడు. 2019 నవంబరు 8 నుండి ఆ శాఖవారు పంపు కాగితములపై ఒక గుర్తింపు సంఖ్య ఉండును. దానిని శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. అట్టి ఫోను వచ్చినచో సొమ్ము వేయక, ముందుగా కొడుకుతోనే మాటలాడుడు. సొమ్ము పోయినచో గంట కూడ ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను; ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్మును ఆపుట అంత సులభము.

మీ ఇంటి పిల్లవాడు పరదేశపు వస్తువు కొందునన్నప్పుడు కాదనవలసిన పని లేదు. దగ్గర కూర్చుండబెట్టుకొని ధర, కిరాయి, సుంకము మూడును ఒక కాగితముపై వ్రాయించుడు. అది మన విద్యుత్తుకు సరిపోవునా, చెడినచో ఎవరు బాగు చేయుదురు అని అడుగుడు. ఆ మొత్తము చూచిన పిదపను కొనదగినదని తోచినచో, బిల్లుపై నిజమైన ధరతో తెప్పించుకొనుడు.