కర్నల్ సంతోష్ బాబు

సైనికాధికారికి రెండు కుటుంబములుండును. కన్నవారు, ఆలుబిడ్డలు గల యిల్లు మొదటిది. అతని యాజ్ఞకు లోబడి నడచు సైనికదళము రెండవది. మొదటి కుటుంబమునకు దూరముగ నుండి రెండవ కుటుంబమును కాపాడుటయే అతని వృత్తి. ఈ రెండు బాధ్యతలను సమానమైన ప్రేమతో వహించిన తెలుగు వీరుడు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు.

ఆయన 1982వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సూర్యాపేటలో జన్మించెను. తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యమున చేరి దేశసేవ చేయవలెనని ఆ తండ్రికి యౌవనమున కోరిక యుండెను గాని అది నెరవేరలేదు. తనకు దక్కని భాగ్యము కుమారునికైనను దక్కవలెనని తలచి, అతనిని విజయనగరమునకు చేరువనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో ఆరవ తరగతియందు చేర్పించెను. ఈ పాఠశాల 1962లో స్థాపింపబడినది. ఇచ్చటి విద్యార్థులు వసతిగృహమున నుండి, వేకువనే లేచి వ్యాయామము చేసి, గంట ప్రకారము చదువును ఆటలను నేర్చుకొందురు. తల్లిచేతి ముద్దను విడిచి అంత దూరమేగిన ఆ బాలుడు, తన పని తాను చేసికొనుటను, తోటివారితో కలసి మెలసి యుండుటను అచ్చటనే యభ్యసించెను.

తరువాత పూణె నగరమునకు సమీపమున ఖడక్‌వాస్లాలో గల జాతీయ రక్షణ అకాడమీలోను, పిదప డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలోను ఆయన శిక్షణ పొందెను. 2004 డిసెంబరులో అధికారియై బీహారు రెజిమెంటు 16వ బెటాలియనులో చేరెను. భారత సైన్యమున అధికారి యే ప్రాంతమువాడైనను ఏ రెజిమెంటునందైనను పనిచేయవచ్చును. సిపాయిల భాషను, పండుగలను, ఆచారములను అతడు తనవిగా చేసికొనవలెను. సంతోష్ బాబు జమ్ము కాశ్మీరము మొదలైన చోట్ల పనిచేసి, క్రమముగ కర్నల్ పదవినొంది, తాను చేరిన ఆ బెటాలియనుకే అధిపతి యయ్యెను.

బెటాలియనులో సుమారు ఎనిమిది వందలమంది సైనికులుందురు. యుద్ధమున వారిని నడపుట మాత్రమే అధిపతి పని కాదు. ఎవనికి సెలవు కావలెను, ఎవని యింట జబ్బు చేసినది, ఎవడు దిగులుతో నున్నాడు అను విషయములన్నియు అతడు కనిపెట్టి యుండవలెను.

2020లో ఆ దళము లడఖ్ సరిహద్దున నుండెను. ఆయన భార్య, చిన్నవయసు కూతురు, కుమారుడు ఢిల్లీలో నివసించుచుండిరి. తల్లిదండ్రులు సూర్యాపేటలో నుండిరి. ఆయనకు హైదరాబాదుకు బదిలీ కావలసియుండెను. అందరును దగ్గరగ నుండవచ్చునని యింటివారు ఎదురుచూచుచుండగా, కరోనా లాక్‌డౌన్ వలన ఆ బదిలీ యాలస్యమయ్యెను. జూన్ 14వ తేదీ రాత్రి ఆయన తల్లితో ఫోనులో మాటలాడెను. అదియే వారి కడపటి సంభాషణము.

గల్వాన్ లోయ సుమారు పదునాలుగు వేల అడుగుల యెత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. నదీజలము మంచువలె చల్లన. ఉభయ దేశముల సైనికులు వెనుకకు తగ్గవలెనని జూన్ 6వ తేదీన సైనికాధికారుల సమావేశమున నిశ్చయమైనది. ఐనను వాస్తవాధీన రేఖకు ఈవల చైనావారు కట్టడమును నిలుపబూనుటతో జూన్ 15వ తేదీ రాత్రి ఘర్షణ కలిగెను. ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకులు కాల్చరాదని 1996లో రెండు దేశములును ఒడంబడిక చేసికొనియుండెను. అందుచే ఆ పోరు రాళ్లతోను, ఇనుపకడ్డీలతోను, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతోను జరిగెను. తీవ్రముగ గాయపడియు సంతోష్ బాబు వెనుదిరుగక, తుదిశ్వాసవరకు ముందు నిలిచి తన సైనికులను నడపెను. ఆ రాత్రి పోరున ఆయనతో కూడ ఇరువదిమంది భారతవీరులు ప్రాణములర్పించిరి. తమవారు నలుగురు మరణించిరని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించెను.

జూన్ 18వ తేదీన సూర్యాపేట సమీపమునందలి కేసారమున సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. కుమారుని సైన్యమునకు పంపిన తండ్రియే అతని చితికి నిప్పు పెట్టవలసి వచ్చెను. భారత ప్రభుత్వము 2021లో ఆయనకు మరణానంతరము మహావీరచక్రమును ప్రకటించెను. శత్రువు నెదుట చూపిన శౌర్యమునకిచ్చు పురస్కారములలో పరమవీరచక్రము తరువాతిది యిది. ఆ సంవత్సరము నవంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులనుండి ఆయన తల్లియు భార్యయు దానిని స్వీకరించిరి.

తెలంగాణ ప్రభుత్వము 2020 జూలైలో ఆయన భార్యను డిప్యూటీ కలెక్టరుగా నియమించెను. దుఃఖమును దిగమ్రింగి ఆమె ప్రజాసేవయందు ప్రవేశించెను. సూర్యాపేటలో నెలకొల్పిన ఆయన విగ్రహమును చూచువారు ఆ వీరునితోపాటు, అతనిని కని పెంచి దేశమున కొసగిన యా యింటిని గూడ తలచుకొనవలెను. సరిహద్దున నిలిచిన ప్రతి సైనికుని వెనుకను అతని రాకకై యెదురుచూచు ఇల్లొకటి యుండును. ఆ నిరీక్షణమును గూడ దేశసేవయనియే గ్రహింపవలెను.